‘అంతర్జాతీయం’ అని అచ్చువేసే ముందు

సంపాదకుల వారికి నమస్కారాలు.

నేను విజయనగరం జిల్లాలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయునిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. గత మార్చిలో మీ జిల్లా పేజీలో, మెడలో పతకాలతో నవ్వుతున్న ఎనిమిది మంది పిల్లల ఫొటోతో, ‘అంతర్జాతీయ యూత్ ఐస్ హాకీ టోర్నమెంటులో విజయనగరం చిన్నారులకు స్వర్ణం’ అనే వార్త వచ్చింది. ఆ ఫొటోలో ఎడమ నుంచి రెండో అమ్మాయి నా మనవరాలు. ఆ పేజీని కత్తిరించి, లామినేషన్ చేయించి, ఇంటికి వచ్చిన ప్రతివారికీ చూపించింది నేనే. ఆ వార్తలోని ‘అంతర్జాతీయ’ అనే మాట నిజం కాదని మీకు రాయవలసిన బాధ్యత కూడా నాదేనని ఈ మధ్యనే తెలిసివచ్చింది.

మీ విలేకరి కావాలని తప్పు రాశారని నేను అనడం లేదు. ఆయనకు ఇచ్చిన కాగితంలో ఉన్నదే ఆయన రాశారు, మరో రెండు పత్రికలలోనూ అవే వాక్యాలు దాదాపు అక్షరం మారకుండా వచ్చాయి. ఎవరినీ వేలెత్తి చూపడానికి ఈ ఉత్తరం రాయడం లేదు కనుక నిర్వాహకుల పేరు ఇందులో రాయను. అయితే అలాంటి టోర్నమెంటుకే పిల్లలను పిలుస్తూ అదే నిర్వాహకులు ఈ ఏడాది మళ్లీ మన పట్నంలో ఒక కరపత్రం పంచుతున్నారని, శ్రీకాకుళంలోని స్కేటింగ్ పిల్లల తల్లిదండ్రుల చేతికి కూడా వెళ్లిందని తెలిశాక ఊరుకోలేకపోయాను.

జరిగింది ఉన్నదున్నట్టు చెబుతాను. మా మనవరాలికి పన్నెండేళ్లు. నాలుగేళ్లుగా రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటోంది. తెల్లవారుజామున ఐదు గంటలకు లేచి, కాంక్రీటు నేల మీద, చక్రాల స్కేట్లతో సాధన చేస్తుంది. విశాఖ ఉడా పార్కు స్కేటింగ్ రింకులో పోటీలకు కూడా వెళ్లి వచ్చింది. నిరుడు శీతాకాలంలో వాళ్లకు శిక్షణ ఇచ్చే కుర్రవాడి దగ్గరికి ఒక సంస్థ ప్రతినిధులు వచ్చి, ఆగ్నేయాసియాలోని ఒక నగరంలో పిల్లలకు అంతర్జాతీయ ఐస్ హాకీ టోర్నమెంటు జరుగుతోందనీ, రోలర్ స్కేటింగ్ వచ్చినవాళ్లకు ఐస్ హాకీ కొత్తేమీ కాదనీ, భారతదేశం తరఫున ఆడే అవకాశం ఇంత తేలికగా మళ్లీ రాదనీ చెప్పారు. పిల్లకు 1,35,000 రూపాయలు. తోడు వెళ్లే తల్లికో తండ్రికో టికెట్టు వేరు. శిక్షకుడు మంచివాడు, వయసులో చిన్నవాడు, ఆయన కూడా నమ్మాడు. మా అల్లుడు, మా అమ్మాయి గాజులు బ్యాంకులో కుదువ పెట్టి డబ్బు కట్టాడు. ఎంపిక పోటీలు ఎప్పుడు జరిగాయి, ఏ సమాఖ్య ఎంపిక చేసింది అని మా ఇంట్లో ఎవరమూ అడగలేదు. జిల్లా జట్టులో చోటు కోసమే పిల్లలను మూడేసి రోజులు ఆడించి ఎంపిక చేసిన నేను కూడా అడగలేదు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా బాధ కలుగుతుంది.

అక్కడికి వెళ్లాక తెలిసిందేమిటంటే, పోటీ జరిగేది ఒక పెద్ద వ్యాపార సముదాయంలోని మంచు రింకులో, సాయంత్రం రెండు గంటలు అద్దెకు తీసుకున్న సమయంలో. మా పాప వయసు విభాగంలో నాలుగు జట్లున్నాయి. అందులో మూడు మన రాష్ట్రం నుంచీ పొరుగు రాష్ట్రం నుంచీ అదే సంస్థ తీసుకువెళ్లినవే. నాలుగోది, ఆ రింకులో వారాంతాల్లో స్కేటింగ్ నేర్చుకునే స్థానిక పిల్లలను అప్పటికప్పుడు పోగుచేసిన జట్టు. మన పిల్లలు అంతకు ముందు రోజు మాత్రమే జీవితంలో మొదటిసారి మంచు మీద నిలబడ్డారు. రెండు రోజుల్లో మూడు ఆటలు ఆడారు. రింకులో సగం మాత్రమే వాడారు. స్కోరు షీటు రాసినవారు లేరు, వైద్యుడు లేడు. మా పాప జట్టులోని మరో అమ్మాయి పడిపోయినప్పుడు గడ్డం చీలి మూడు కుట్లు పడ్డాయి. ఆసుపత్రికి తీసుకువెళ్లింది కూడా తోడు వెళ్లిన ఒక తల్లే. చివరి రోజున నాలుగు జట్లకూ ఏదో ఒక పతకం వచ్చింది. మన పిల్లలకు వచ్చింది బంగారు రంగుది.

తిరిగివచ్చిన రోజు రైల్వే స్టేషన్‌లో పూలదండలు వేశాం, కోట కూడలి దగ్గర ఫ్లెక్సీ కట్టించాం. జూన్‌లో మా అల్లుడు ఆ ధ్రువపత్రం పట్టుకుని, ముందు ముందు చదువుకో ఉద్యోగానికో పనికివస్తుందేమో తెలుసుకుందామని క్రీడల కార్యాలయానికి వెళ్లాడు. అక్కడి ఉద్యోగి దాన్ని ఎంతో ఓపికగా రెండు వైపులా తిప్పి చూసి, ఇది ఏ జాతీయ సమాఖ్య ఇచ్చినదీ కాదని, దీనికి ఎక్కడా విలువ ఉండదని చెప్పి, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి పంపించాడు. ఆ ఉద్యోగికి మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు. డబ్బు పోయినందుకు మా అల్లుడు పడ్డ బాధ కంటే, ఆ రాత్రి మనవరాలు నా పక్కన కూర్చుని అడిగిన మాట నన్ను ఎక్కువ కలచివేసింది. ‘తాతయ్యా, అయితే మేము గెలవలేదా?’ అని అడిగింది. ఆడింది, గోలు కొట్టింది, పడి లేచింది. ఆ శ్రమ అబద్ధం కాదు. దానికి తగిలించిన పేరు అబద్ధం. ఈ రెండింటినీ విడదీసి పన్నెండేళ్ల పిల్లకు చెప్పడానికి నాకు చాలా సేపు పట్టింది.

అప్పటి నుంచి, పిల్లల అంతర్జాతీయ ఐస్ హాకీ పోటీ అంటే నిజంగా ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ప్రయత్నించాను. తెలుసుకున్నది మీ పాఠకులతో పంచుకోవడం ఈ ఉత్తరానికి ఒక ముఖ్య కారణం.

ఈ ఆటకు ప్రపంచ స్థాయిలో ఒకే సమాఖ్య ఉంది. అది 1908లో పారిస్‌లో ఏర్పడిన అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య. భారతదేశానికి 1989 నుంచి అందులో సభ్యత్వం ఉంది, మన దేశం తరఫున ఆ బాధ్యత భారత ఐస్ హాకీ సంఘానిది. 20 ఏళ్ల లోపు యువకులకు ప్రపంచ పోటీలు 1977 నుంచి అధికారికంగా జరుగుతున్నాయి, అగ్రశ్రేణి జట్లు ఏటా డిసెంబరు చివరి వారంలో మొదలుపెట్టి కొత్త సంవత్సరం మొదటి రోజుల దాకా ఆడతాయి. 18 ఏళ్ల లోపు బాలురకు 1999లో, అదే వయసు బాలికలకు 2008లో ప్రపంచ పోటీలు మొదలయ్యాయి. బలాన్ని బట్టి దేశాలను అంతస్తులుగా విభజిస్తారు, గెలిచిన జట్టు పై అంతస్తుకు వెళుతుంది, ఓడిన జట్టు కిందికి దిగుతుంది. ఏ ఆటలో ఎవరు ఏ నిమిషంలో గోలు కొట్టారో, ఎవరికి ఎన్ని నిమిషాల శిక్ష పడిందో అన్నీ బహిరంగంగా నమోదై ఉంటాయి. ఒక దేశపు జట్టు మరో దేశానికి వెళ్లి ఆడాలంటే రెండు దేశాల సమాఖ్యల అనుమతీ ఉండాలి. మన పిల్లల విషయంలో ఇవేవీ లేవు.

అలాగని, జాతీయ జట్లు ఆడితేనే అసలైన పోటీ అని నేను అనడం లేదు. ఈ ఆటలో పిల్లల పోటీలకు తలమానికంగా చెప్పుకునేది కెనడాలోని క్విబెక్ నగరంలో 1960 నుంచి ఏటా ఫిబ్రవరిలో జరిగే ‘పీవీ’ అనే పిల్లల వయసు విభాగం టోర్నమెంటు. అందులో ఆడేవి దేశాల జట్లు కావు, ఊళ్ల జట్లు, క్లబ్బుల జట్లు. ఆడేవారు పదకొండు పన్నెండేళ్ల పిల్లలు, అంటే మా మనవరాలి వయసువాళ్లే. అనేక దేశాల నుంచి వందకు పైగా జట్లు, రెండు వేల మందికి పైగా పిల్లలు వస్తారు. వేల మంది కూర్చునే పెద్ద స్టేడియంలో ఆడతారు. బయటి ఊళ్ల నుంచి వచ్చిన పిల్లల్లో ఎంతోమంది ఆ నగరంలోని కుటుంబాల ఇళ్లలోనే బస చేస్తారు, ఆ ఇంటి పిల్లల పక్కన పడుకుని, వాళ్ల వంట తిని, వాళ్ల భాష రాకపోయినా సైగలతో స్నేహం చేసుకుంటారు. ప్రతి జట్టూ తన గుర్తుతో చిన్న చిన్న బిళ్లలు చేయించుకుని వస్తుంది, ఆటలు లేని వేళల్లో పిల్లలు వాటిని ఇచ్చిపుచ్చుకుంటారు. ఈ ఆటలో అందరికంటే గొప్పవాడిగా పేరుపొందిన వేన్ గ్రెట్స్కీ 1974లో, తన పదమూడో ఏట, ఆ టోర్నమెంటులో ఆడాడు. అప్పటికి అతడూ తన ఊరి జట్టులో ఒక పిల్లవాడు మాత్రమే.

అదే టోర్నమెంటుకు 2023 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ పిల్లల జట్టు ఒకటి వచ్చింది. యుద్ధం వల్ల ఆ పిల్లల కుటుంబాలు ఐరోపాలోని పలు దేశాలకు చెదిరిపోయాయి, ఒక్కొక్కడూ ఒక్కో చోట తలదాచుకుని ఉన్నాడు. చాలామంది తండ్రులు స్వదేశంలోనే ఉండిపోయారు. ఆ పిల్లలను ఒక్కొక్కరినీ వెతికి, ఒకచోట చేర్చి, సముద్రం దాటించి క్విబెక్ తీసుకువచ్చారు. అక్కడి కుటుంబాలు వాళ్లను తమ ఇళ్లలో పెట్టుకున్నాయి. స్టేడియం నిండా జనం లేచి నిలబడి స్వాగతం పలికారు, ఆ పిల్లలు తమ మొదటి ఆటలో గెలిచారు. ఈ సంగతి మా మనవరాలికి చెప్పినప్పుడు, తాను అక్కడ ఆడిన రెండు రోజుల్లో వేరే దేశపు పిల్లలతో ఒక్క మాటయినా మాట్లాడలేదని చెప్పింది. అద్దె సమయం అయిపోతోందని ఆట అయిన వెంటనే బస్సు ఎక్కించేశారట.

ఇంకో ఉదాహరణ కూడా చెప్పాలి. 2020లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో శీతాకాల యువ ఒలింపిక్స్ జరిగినప్పుడు, ఒక్కో జట్టు నుంచి ఒకేసారి ముగ్గురేసి ఆడే ఐస్ హాకీ విభాగంలో వేరు వేరు దేశాల పిల్లలను కలిపి జట్లు చేశారు. ఒకే రంగు చొక్కా వేసుకున్న పదమూడు మంది జట్టులో ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థం కాదు. అయినా పక్కు, అంటే బంతికి బదులు కర్రతో కొట్టే బిళ్ల, ఎవరికి అందించాలో, ఎవరు వెనక్కి వెళ్లి గోలు కాపాడాలో నేర్చుకోవాలి. ఐస్ హాకీలో పెద్ద పేరు లేని దేశాల పిల్లలు కూడా ఆ విభాగంలో ఆడారు. నా ఉద్యోగ జీవితమంతా పిల్లలను జట్లుగా చేసినవాణ్ని కనుక, ఈ ఆలోచన చేసినవారికి మనసులో నమస్కరించాను. అంతర్జాతీయం అనే మాటకు నాకు తెలిసిన అందమైన అర్థం అదే.

ఇక భద్రత సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువ రాయక తప్పదు. రోలర్ స్కేటింగ్ వస్తే ఐస్ హాకీ వచ్చినట్టేనన్న మాట పిల్లల ప్రాణాలతో ముడిపడినది. చక్రాల స్కేటు నేలను పట్టుకుంటుంది. మంచు మీద వాడే స్కేటుకు కింద ఉండేది మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం గల ఉక్కు పలక, దాని రెండు అంచులూ పదును పెట్టి ఉంటాయి. ఆగాలంటే పాదాలను ఒక్కసారి అడ్డంగా తిప్పి మంచును చెక్కుతూ ఆగాలి. అది ఒక్క సాయంత్రంలో వచ్చే విద్య కాదు. ఆటలో వాడే పక్కు గట్టిపరచిన రబ్బరు బిళ్ల, అంగుళం మందం, మూడు అంగుళాల వెడల్పు, 156 నుంచి 170 గ్రాముల బరువు. పైకి ఎగరకుండా ఉండాలని దాన్ని ఆటకు ముందు ఫ్రిజ్‌లో పెట్టి గడ్డకట్టిస్తారు కూడా. పెద్దవాళ్లు కొడితే గంటకు 150 కిలోమీటర్ల వేగం దాటుతుంది. అందుకే అంతర్జాతీయ పోటీలలో 18 ఏళ్ల లోపు వాళ్లు ముఖమంతా కప్పే జాలీతో హెల్మెట్ పెట్టుకోవాలి. 2023 అక్టోబరులో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆడమ్ జాన్సన్ అనే ఆటగాడు మరో ఆటగాడి స్కేటు పదును మెడకు తగిలి మరణించాడు. పిల్లలకు అంతకు ముందే తప్పనిసరైన మెడ కవచాన్ని, ఆ దుర్ఘటన తరువాత అంతర్జాతీయ సమాఖ్య తన పోటీలన్నింటిలో పెద్దలకూ తప్పనిసరి చేసింది. పీవీ వయసు పిల్లలు ఆటలో ఒకరినొకరు ఒంటితో ఢీకొట్టడాన్ని అమెరికా సమాఖ్య 2011లో, కెనడా సమాఖ్య 2013లో నిషేధించాయి. ఇంత అనుభవం ఉన్న దేశాలే పిల్లల మెడ గురించి, తల గురించి ఇంత జాగ్రత్త పడుతుంటే, మన పిల్లలకు ఇచ్చింది అద్దె హెల్మెట్లు మాత్రమే. మెడకు ఏమీ లేదు. గడ్డం చీలిన అమ్మాయికి ఆ గాయం రెండు అంగుళాలు కిందికి తగిలి ఉంటే అన్న ఆలోచన వచ్చినప్పుడు నాకు నిద్ర పట్టదు.

మన దేశం తరఫున నిజంగా ఈ ఆట ఆడుతున్నవారెవరో కూడా మీ పాఠకులకు తెలియాలి. వారిలో ఎక్కువ మంది లడఖ్ నుంచి, హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ నుంచి వచ్చినవారే. లేహ్‌లో చెరువులు గడ్డకట్టే రెండు నెలలే చాలా ఏళ్లు వారి సాధనా కాలంగా ఉండేది, రాత్రి పూట నీళ్లు చల్లి మంచును సమం చేసుకుని తెల్లవారి ఆడేవారు. మన పురుషుల జట్టు మొదటిసారి 2009లో అబుదాబీలో ఆసియా చాలెంజ్ కప్పులో ఆడింది. మహిళల జట్టు 2016లో మొదటిసారి తైపీ వెళ్లడానికి ప్రజల నుంచి చందాలు పోగుచేసుకోవలసి వచ్చింది, ఆ ఏడాది ఒక్క ఆటా గెలవలేదు. మరుసటి సంవత్సరం బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్ జట్టును 4-3తో ఓడించి మొదటి విజయం సాధించింది. ఆ తరువాత ఎనిమిదేళ్లకు, 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్పులో కాంస్య పతకం తెచ్చింది. అది మన దేశానికి ఈ ఆటలో గొప్ప రోజు. ఆ కాంస్యం వచ్చిన మరునాడు పత్రికలన్నీ తిరగేశాను. ఒకదానిలో మూల నాలుగు వరుసలు కనిపించాయి, మరి వేటిలోనూ లేదు. మన జిల్లా పిల్లల రెండు రోజుల ఆటకు మూడు కాలమ్‌ల ఫొటో వచ్చింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, సంపాదకుల వారూ, నాకు మీ మీద కోపం రాలేదు కాని చాలా దిగులు కలిగింది.

మంచు కురవని జిల్లాలో పుట్టిన పిల్లలకు ఐస్ హాకీ ఎందుకు అని నన్ను కొందరు అడుగుతున్నారు. ఆ ప్రశ్న నాకు నచ్చదు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన ఆడపిల్ల బరువులు ఎత్తి ఏమి సాధిస్తుందని ఒకప్పుడు అడిగినవాళ్లు ఉండే ఉంటారు. కరణం మల్లీశ్వరి 1994లోనూ 1995లోనూ ప్రపంచ విజేత అయింది, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ అయింది. మన నెల్లిమర్ల దగ్గరి కొండవెలగాడ ఊరంతా బరువులెత్తే పిల్లలే. వాళ్లెవరూ డబ్బు కట్టి దేశం తరఫున ఆడలేదు. మెట్టు మెట్టుగా, ఓడిపోతూ గెలుస్తూ, ఎక్కి వెళ్లారు.

మంచు విషయానికే వస్తే, మన తీరానికి అది కొత్త వస్తువు కాదు. పూసపాటిరేగ మండలం చింతపల్లి రేవు దగ్గరా, శ్రీకాకుళం వైపు రేవుల దగ్గరా చేపలకు వేసే ఐసు దిమ్మలు తయారయ్యే పద్ధతికీ, రింకు తయారయ్యే పద్ధతికీ మూలసూత్రం ఒకటే. ఐస్ ఫ్యాక్టరీలో చల్లబరచిన ఉప్పునీటి తొట్టెలోకి నీళ్ల డబ్బాలు దించుతారు. రింకులో అదే చల్లని ద్రవాన్ని కాంక్రీటు కింద పరచిన గొట్టాలలో తిప్పి, పైన నీటిని పలచని పొరలుగా పోసి గడ్డకట్టిస్తారు. రింకు మంచును నున్నగా చేసే యంత్రానికి జాంబోనీ అనే పేరు రావడానికి కారణమైన ఫ్రాంక్ జాంబోనీ, కాలిఫోర్నియాలో ఐసు దిమ్మలు తయారుచేసి అమ్ముకున్న మనిషే. ఇళ్లలోకి ఫ్రిజ్‌లు వచ్చి దిమ్మలకు గిరాకీ తగ్గితే, ఆయన కుటుంబం 1940లో ఆ ఎండల ప్రాంతంలో రింకు కట్టింది, 1949లో ఆయన ఆ యంత్రాన్ని రూపొందించాడు. మనలాగే మంచు ఎరుగని ఫిలిప్పీన్స్ దేశం 2017లో కౌలాలంపూర్‌లో జరిగిన ఆగ్నేయాసియా క్రీడల్లో ఐస్ హాకీ స్వర్ణం గెలిచింది. కాబట్టి మన పిల్లలు ఈ ఆట కలగనడంలో తప్పు లేదు. ఆ కలను నెలలు నిండకుండానే అమ్మేవారితోనే నాకు పేచీ.

మీ పత్రికకు నా విన్నపం ఇది. ఏ ఆటలోనైనా ‘అంతర్జాతీయ’ విజయం అంటూ ఒక ఫొటో, ఒక కాగితం వచ్చినప్పుడు, అచ్చువేసే ముందు మీ విలేకరి ఒక్క పది నిమిషాలు కేటాయించి కొన్ని సంగతులు అడగాలి. ఆ ఆటకు మన దేశంలో ఉన్న సమాఖ్య ఏది, ఈ జట్టును పంపింది ఆ సమాఖ్యేనా అని అడగాలి. ఎంపిక ఎక్కడ, ఎప్పుడు జరిగిందో, ఎదుటి జట్లు ఏ దేశాలవో, ఆ జట్లలోని పిల్లలు ఆ దేశాలవారేనో కాదో అడగాలి. పిల్లలు డబ్బు కట్టి వెళ్లారా, సమాఖ్య ఖర్చు భరించిందా అన్నది వార్తలో రాయాలి. డబ్బు కట్టి ఆడడం నేరం కాదు, క్విబెక్ వెళ్లే జట్లు కూడా చాలావరకు తల్లిదండ్రుల డబ్బుతోనే వెళతాయి. దాచిపెట్టడమే తప్పు. జవాబులు సరిగా రాకపోతే వార్తను వేయవద్దని నేను అనను. ‘విజయనగరం పిల్లలు విదేశంలో ఐస్ హాకీ ఆడి వచ్చారు’ అని వేయండి, అది నిజం, దానికీ ఒక ఆనందం ఉంది. ‘అంతర్జాతీయ స్వర్ణం’ అని వేసినప్పుడు మాత్రం, ఆ కత్తిరింపునే మరుసటి ఏడాది కరపత్రం మీద అచ్చువేసి ఇంకో యాభై ఇళ్లకు పంచుతారు. ఈ ఏడాది కరపత్రం మీద ఉన్నది మా పిల్లల ఫొటోనే, దాని కింద ఉన్నది మీ పత్రిక పేరే. అది చూసిన రోజునే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలలో క్రీడాకారులకు ఇచ్చే అవకాశం కోసం, దేశం తరఫున ఆడినట్టు చూపే పత్రంపై ఆ ఆట జాతీయ సమాఖ్య కార్యదర్శి సంతకం ఉండాలి. సంస్థ ముద్ర ఎంత పెద్దదైనా, అక్షరాలు బంగారు రంగులో ఉన్నా, ఆ సంతకం లేకపోతే ఆ కాగితం అక్కడ చెల్లదు. డబ్బు కట్టే ముందు, ‘మా పిల్లకు ఇచ్చే పత్రం మీద ఎవరు సంతకం చేస్తారు?’ అని అడగండి. పిల్ల మెడకు, తలకు, పళ్లకు ఏ రక్షణ ఇస్తారో, మైదానం దగ్గర వైద్యుడు ఉంటాడో లేదో అడగండి. మా ఇంట్లో మేము అడగనివన్నీ ఇవే.

మా మనవరాలు స్కేటింగ్ మానలేదు. ఇప్పటికీ ఐదు గంటలకే లేస్తుంది. ఆ పతకాన్ని తనే తీసి బీరువా అడుగున పెట్టింది, పారవేయమని నేనూ చెప్పలేదు. లడఖ్ అమ్మాయిలు ఆడిన ఆటల దృశ్యాలు నా ఫోనులో చూస్తూ, వాళ్లు వెనక్కి స్కేటింగ్ చేస్తూ ఎలా మలుపు తిరుగుతున్నారో గమనించి, మరునాడు చక్రాల మీద ప్రయత్నిస్తోంది. ఒక శీతాకాలం లేహ్ తీసుకువెళ్లి, గడ్డకట్టిన చెరువు ఒడ్డున నిలబెట్టి ఆ ఆట చూపించాలని మా అల్లుడూ నేనూ అనుకుంటున్నాం. పెన్షన్ డబ్బుతో రైలు టికెట్లకు పోగుచేస్తున్నాను.

ఈ ఉత్తరాన్ని ప్రచురించదలిస్తే, దయచేసి సంపాదకీయ పేజీలో కాకుండా, మార్చిలో ఆ ఫొటో వేసిన జిల్లా పేజీలోనే వేయండి. కరపత్రం అందుకున్న ఇళ్లవాళ్లు మొదట తెరిచేది ఆ పేజీనే.

భవదీయుడు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
విజయనగరం